ఆ దూకుడు ఏమైంది?

2017లో ర్యాపర్ డివైన్‌తో కలిసి రాజకుమారి చేసిన ‘సిటీ స్లమ్స్’ పాట మా అశోక్‌నగర్ హాస్టల్ గదిలో గ్రూప్స్ పుస్తకాల మధ్య తెగ మోగేది. కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగమ్మాయి, కూచిపూడి నేర్చిన శ్వేతా యల్లాప్రగడే ఈ రాజకుమారి; జతులు చెప్పినంత జోరుగా మాట విసిరేది.

2023లో ఆమె తొలి పూర్తి ఆల్బమ్ ‘ది బ్రిడ్జ్’ వచ్చింది. నా చెవికి పాట పెరిగింది, ర్యాప్ తగ్గింది. వెలితిగానే అనిపించింది. అయినా ఎదిగిన మనిషిని పాత కోపంతోనే పాడమనడం న్యాయమా? చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కూర్చున్నా మనం అంతే, విద్వాంసుడు కొత్త రాగం ఎత్తుకోబోతుంటే అలవాటైన కీర్తన కోసం చీటీ పంపిస్తాం. మళ్లీ మళ్లీ విన్నాక ఆ గొంతులోని నింపాది నాకు నచ్చింది. మాటల్లో మునుపటి పదును మాత్రం ఇంకా కావాలి, అడుగుతూనే ఉంటాను.