ఇజాజత్ ఎవరిది?

"ఆపా, జుమ్మా రోజు ఆపరేషన్ అంట" అంది చెల్లి ఫోన్లో. అప్పటికి 37వ వారం. ఆరో నెలలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు రక్తం తీస్తే 140 దాటింది. అప్పటి నుంచి పథ్యం, ఇన్సులిన్.

"ఎందుకంట?"

"షుగర్ కదా, బచ్చా పెద్దగా ఉందంట."

"ఎంత పెద్దగా?"

"తెలీదు ఆపా."

ఆ 'తెలీదు' నాదే. పదమూడేళ్ల కింద నాకూ ఇదే షుగర్, ఇదే మాట. కాగితం మీద మా ఆయన దస్తఖత్ చేశారు, నన్ను లోపలికి తీసుకెళ్లారు. ఆ కోత జరూరేనేమో. ఇప్పటికీ తెలీదు. మంత్రులను సవాళ్లు అడిగి రోజీ సంపాదించుకునేదాన్ని, నా కడుపు గురించి ఒక్క సవాల్ అడగలేదు.

చెల్లి అత్తగారింటికి వెళ్తే అక్కడ రెండు ఫైసలాలు సిద్ధం. "మా ఖాందాన్లో ఎవరికీ కోత పడలేదు, జచ్గీ అంటే ఓర్చుకోవాలి" అని సాస్. "రిస్క్ ఎందుకు ఆపా, ఆపరేషన్ అయిపోతే ఫికర్ ఉండదు" అని మరిది. ఇద్దరిదీ మొహబ్బతే. చెల్లిని మాత్రం ఎవరూ అడగలేదు.

మరుసటి రోజు ఇద్దరం దవాఖానాకు వెళ్లాం. అడిగితే డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. షుగర్ ఎక్కువైతే బిడ్డకు భుజాల దగ్గర కొవ్వు చేరుతుంది. తల బయటికొచ్చాక భుజం ఇరుక్కునే ఖత్రా ఉంది. అందుకే, షుగర్ ఉన్న తల్లికి స్కాన్‌లో బరువు 4.5 కేజీలు వస్తే సిజేరియన్ గురించి మాట్లాడాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం అంటుంది. కానీ స్కాన్ బరువు అందాజా మాత్రమే, పది పదిహేను శాతం అటూఇటూ అవుతుంది. కోతకూ దాని తక్లీఫ్‌లున్నాయి: గాయం మానడం, వచ్చే కాన్పులో మాయ పాత కుట్టు మీద అతుక్కునే భయం.

చెల్లికి స్కాన్‌లో 3.6. షుగర్ అదుపులోనే ఉంది. మొదటి జచ్గీ మామూలుగానే అయింది. "39వ వారంలో నొప్పులు తెప్పిద్దాం, ముందుకు సాగకపోతే ఆపరేషన్" అంది డాక్టరమ్మ. చెల్లి కాసేపు ఆలోచించి "సరే" అంది.

పధ్నాలుగు గంటల నొప్పులు. 3.3 కేజీల బేటీ, అల్హందులిల్లా. పుట్టగానే పాలు పట్టించి, పాప షుగర్ చూశారు.

దీన్ని నార్మల్ గెలిచిన కథగా చదవకండి. బిడ్డ 4.7 ఉంటే, అడ్డం తిరిగి ఉంటే, నేనే ఆపరేషన్ అనేదాన్ని. కానీ 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం, మన తెలంగాణలో 60.7. ఇన్ని కోతల్లో ఎందరు తల్లులు 'ఎందుకు' అని అడిగి ఉంటారు? బరువెంత, షుగరెంత, ఆగితే ఏమవుతుంది, కోస్తే ఏమవుతుంది? ఈ నాలుగూ అడగడం బేఅదబీ కాదు, మష్వరా.

ఇంకొకటి. కాన్పైన ఆరు వారాలకు మళ్లీ షుగర్ పరీక్ష చేయించాలి. నేను వెళ్లలేదు. ఇప్పుడు రోజుకు రెండు గోలీలు మింగుతున్నాను. చెల్లిని నేనే తీసుకెళ్తాను, ఇన్షా అల్లాహ్.

చేరిన రోజు, అవసరమైతే ఆపరేషన్‌కు ఇజాజత్ కాగితం ఇచ్చారు. మరిది జేబులోంచి పెన్ను తీశాడు. చెల్లి చేయి చాచి ఆ పెన్ను తీసుకుంది. కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో, తన పేరు రాసింది.