పింకు పోయింది సార్

తెలుగు చెప్పేవాడికి కెమిస్ట్రీ ల్యాబులో ఏం పని? స్టాఫ్‌రూంలో ఇదే అడిగారు. చెప్తాను.

నా ఇంటర్ రోజుల్లో ఒక్కో బ్యూరెట్ చుట్టూ అయిదారుగురం నిలబడేవాళ్ళం. పట్టుకునేది ఒక్కడే. నా వంతుకు గాజు సామాన్లు కడగడం వచ్చింది. ఎవరు పంచారో, ఎందుకట్లా పంచారో ఆ వయసులో అడగలేదు. రీడింగులు మాత్రం అందరివీ ఒకటే. రికార్డు నేనే అందరికంటే ముద్దుగా రాశాను, మంచి మార్కులొచ్చాయి. టైట్రేషన్ మాత్రం నా చేత్తో ఒక్కసారీ చేయలేదు.

ఇప్పుడు మియాపూర్‌లో పాఠం చెప్తున్నాను. నా పిల్లల తల్లుల్లో కొందరు హైటెక్ సిటీ ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేస్తారు. రికార్డుల కథ అదే. సీనియర్ల పాతది తెచ్చి దించుడే. ప్రయోగం కంటే ముందే ఫలితం రాసి ఉంటుంది.

అందుకే ఒక పని పెట్టాను. ల్యాబ్ అయిన రోజే ఒక పేజీ, మీకొచ్చిన తెలుగులో. ఏం అవుతుందనుకున్నారు, కళ్ళతో ఏం చూశారు, ఎక్కడ తేడా కొట్టింది. మార్కుల్లేవు, ఎర్ర ఇంకు లేదు.

"రాస్తే సైన్స్ వస్తదా అన్నా?" అన్నాడు కెమిస్ట్రీ మిత్రుడు. ఫారడే సంగతి చెప్పాను. కమ్మరి కొడుకు, బైండింగ్ షాపులో పనివాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సు తనే బైండు చేసి ఆయనకు పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ల్యాబులో పనికి చేరాడు. మనకు అంత దూరం కూడా అక్కర్లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివిన మన రోహిత్ వేముల, కార్ల్ సేగన్ లాగా సైన్సు రాయాలనుకున్నవాడే.

మొదటి నెలంతా పిల్లలు రికార్డునే తెలుగులోకి మార్చి ఇచ్చారు. విసుగొచ్చింది, మానేద్దామనుకున్నాను. అప్పుడు ఒకమ్మాయి రాసింది: "ఆఖరి చుక్కకు పింకు వచ్చింది. కొంచెం సేపటికి చూస్తే పోయింది. నేనే తప్పు చేసిన అనుకున్న. రికార్డుల పోయినట్టు లేదు, అందుకే అండ్ల రాయలే."

పేజీ మిత్రుడికి చూపించాను. ఆయన ఈసారి నవ్వలేదు. అమ్మాయిని పిలిచాడు. "తప్పు కాదమ్మా. గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ నీళ్ళల్లో కరిగితే ఆమ్లం అవుతది. ఆ చుక్కతోని ఎక్కువైన క్షారాన్ని అది తినేస్తది. ఫినాఫ్తలీన్ రంగు పోతది."

ఆమె కాసేపు ఆలోచించింది. "మరి మూత పెడితే పోదా సార్?"

ఏ రికార్డులోనూ లేని ప్రశ్న. మర్నాడు రెండు ఫ్లాస్కులు పెట్టారు, ఒకదానికి రబ్బరు బిరడా, ఒకటి తెరిచి. బ్యూరెట్ ఆమె చేతిలో ఉంది. తెరిచినది తెల్లబోయింది, మూసినదాంట్లో పింకు ఇంకా ఉంది. ఆ రోజు రెండున్నర పేజీలు రాసింది. అడుగున చిన్నగా: "స్ట్రాతోని ఊదితే ఇంకా జల్ది పోతదేమో. రేపు చూడాలె."