ఊక ఉండ, పట్టు దారం

మాది ఉప్పాడ. ఈ మాట చెప్పగానే కాలేజీలో అందరూ అడిగేది ఒకటే: "అయితే నీకు జామ్దానీ నేయడం వచ్చా?"

రాదు. అమ్మా నాన్నా ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేస్తారు. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చీరలే అవి. నన్ను మాత్రం "మా కళ్లు పోతున్నది చాలు, నువ్వు చదువుకో" అని ఇంగ్లీష్ మీడియంలో వేశారు. అలాంటి నేను సెమిస్టర్ సెలవుల్లో యూట్యూబ్ చూసి నేర్చుకున్న దారం పని జపాన్‌ది! తలుచుకుంటే నాకే సిగ్గేసింది.

దాని పేరు తెమరి. 'తె' అంటే చెయ్యి, 'మరి' అంటే బంతి. (మన 'మరి' కాదు.) పాత కిమోనో పీలికలు ఉండలా చుట్టి, పైన దారంతో కుట్టి పిల్లలకి ఇచ్చేవాళ్లట. కగావా అనే చోట లోపల వరి ఊక పెడతారు. అది చదివి నవ్వొచ్చింది. గోదావరి జిల్లాల్లో ఊకకి కరువా?

ఊకని పల్చటి గుడ్డలో మూట కట్టి, గుండ్రంగా గట్టిపడేదాకా నూలు దారం చుట్టాలి. నా మొదటిది వంకాయలా వచ్చింది. కొలవడానికి స్కేలు అక్కర్లేదు, ఒక కాగితం పట్టీ చాలు. బంతి చుట్టూ తిప్పి, కలిసిన చోట కత్తిరించి, సగానికి మడిస్తే కింది ధ్రువం దొరుకుతుంది. ఇంకోసారి మడిస్తే భూమధ్యరేఖ. పైనుంచి కిందకి ఎనిమిది భాగాలు చేసి, ఆ గీతల్ని పట్టుకుని నక్షత్రం కుట్టుకుంటూ పోవడమే. ఫర్ లూప్ లాంటిదే. కాకపోతే తప్పు చేస్తే ఎర్రర్ రాదు, అంతా అయ్యాక కనిపిస్తుంది.

నాన్న కండెల్లో మిగిలిన పట్టు అడక్కుండానే తీశాను. వంగపండు రంగు, పసుపు. పూర్తయిన బంతి నాన్న కంట పడింది. దారం ఎక్కడిదని అడగలేదు. వేళ్లతో తిప్పి, "ఇక్కడ ఒక గది పెద్దదైంది చూడు" అన్నాడు. పట్టీతో కొలిస్తే నిజమే.

"ఎలా కనిపెట్టావ్ నాన్నా?"

"రోజూ పోగులు లెక్కపెట్టేవాడికి తెలీదా?"

మళ్లీ తిప్పి, "దీని వెనక ఎలా ఉంది?" అని అడిగాడు. జామ్దానీ పూవు రెండు వైపులా ఒకేలా కనిపించాలి కదా, ఆ అలవాటు. బంతికి వెనక ఉండదని చెబితే, "అదృష్టవంతులు" అన్నాడు.

హాస్టల్‌కి వచ్చాక ఆరుగురికి నేర్పాను. ఊక లేదు కాబట్టి పాత సాక్సులు చుట్టాం. బాగానే వచ్చాయి. వాళ్లలో ఒకమ్మాయి, "మరి మీ ఇంటి పని ఎప్పుడు నేర్పిస్తావ్?" అంది. నేను టాపిక్ మార్చేశాను.

దసరాకి ఇంటికెళ్లి, అమ్మ చోట కూర్చుంటానని అడిగాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చీర అయిపోయాక పడుగులో మిగిలిన బెత్తెడు చూపించి, "దీని మీద, గంటే" అన్నాడు. గంటలో ఒక చిన్న పూవులో సగం కూడా కాలేదు. నాన్న వంగి అడుగు వైపు చూశాడు.

"పోగు వదిలేశావ్. విప్పు."