హామ్లెట్ కోసం తెల్లవార్లూ క్యూ!

ఫస్ట్ డే ఫస్ట్ షోకి తోపులాటలో చొక్కా చిరిగినా టిక్కెట్టు మాత్రం గుప్పిట్లోంచి జారనివ్వకపోవడం మన తెలుగు కుర్రాళ్ళకే చేతనయిన విద్య అనుకుంటున్నారా? అబ్బే, ఈ విషయంలో మనకు సముద్రాల అవతల కూడా చుట్టాలున్నారండీ! 2014 ఆగస్టులో లండన్‌లో ఒక ఆటకి టిక్కెట్లు అమ్మకానికి పెడితే నిమిషాల మీద లక్ష టిక్కెట్లు చెల్లిపోయాయి. సినిమాకు కాదు, నాటకానికి! అదీ కొత్త నాటకమా అంటే కాదు. నాలుగు వందల యేళ్ళ పాతది. ఆఖర్న హీరో చచ్చిపోతాడని అక్కడి బడిపిల్లలకు కూడా తెలుసు. పైగా ఆట ఆ మర్నాడో, ఆ వారమో కాదు. సరిగ్గా యేడాది తర్వాత, 2015 ఆగస్టులో!

నాటకం షేక్స్పియర్ ‘హామ్లెట్’. అయితే ఆ రద్దీ అంతా తనకోసమేనంటే పాపం షేక్స్పియర్ కూడా నమ్మడు. వేషం కడుతున్నది బెనెడిక్ట్ కంబర్‌బాచ్. టీవీలో షెర్లాక్ హోమ్స్‌గా దేశదేశాల ఆడపిల్లల చేత నిట్టూర్పులు విడిపించినవాడు. ‘ది ఇమిటేషన్ గేమ్’తో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళినవాడు. మన కుర్రకారు అతన్ని ‘డాక్టర్ స్ట్రేంజ్’గా చూసింది ఆ తర్వాత 2016లో.

ఇక చూడండి, పెద్దలు పెదవి విరిచారు. “వీళ్ళు నాటకం చూడ్డానికి వస్తున్నారా, మొహం చూడ్డానికి వస్తున్నారా?” అన్నారు. ఈ మాట మనం యెరుగనిది కాదు. సినిమా పిచ్చోళ్ళకి నాటకం యేం తెలుసని మన పరిషత్తుల్లోనూ అంటూనే వుంటారు. ఆ సెప్టెంబరులో నేను లండన్‌లో వుండడం తటస్థించింది. హీరోని చూడాలన్న సరదా లేదనను గానీ, అంతకంటే ఆ జనాన్ని చూడాలన్న కోరిక యెక్కువగా వుంది. ఎలా వింటారు వీళ్ళు? ఎక్కడ చప్పట్లు కొడతారు? అసలు వింటారా?

బాంబులు పడ్డ చోట

ఆట జరిగిన చోటు బార్బికన్. భూగర్భ రైలు దిగి పైకి రాగానే ఎటు చూసినా కాంక్రీటే. నలభై అంతస్తులు దాటిన మేడలు మూడు, వాటి మధ్య వంతెనలు, మెట్లు, నీళ్ళ మడుగులు. దారి తప్పకుండా వచ్చినవాడు లేడట! అందుకే ఒకప్పుడు నేలమీద పసుపుపచ్చ గీత గీశారు, ఆ గీత పట్టుకుని నడవమని.

1940 డిసెంబరు 29 రాత్రి జర్మన్ విమానాలు బాంబులు కురిపించాక ఈ పేటలో మిగిలింది బూడిదే. ఆ బూడిద మీద యిళ్ళు కట్టి, వాటి నడుమ 1982లో ఈ కళాకేంద్రాన్ని తెరిచారు. రంగస్థలం పైన సీన్లు వేలాడగట్టే పెద్ద గోపురం వుంటుంది కదా, అది వికారంగా కనబడుతుందని దాని చుట్టూ అద్దాల తోట పెంచారు. తాటిచెట్ల మొహం వాచినవాళ్ళం ఆ తోటలో కాసేపు సేద తీరవచ్చు.

ఆ బాంబుల్లో పోయిన వీధుల్లో సిల్వర్ స్ట్రీట్ ఒకటి. 1604 ప్రాంతంలో షేక్స్పియర్ అక్కడే, ఆడవాళ్ళ తల అలంకారాలు తయారుచేసే ఒకాయన యింట్లో అద్దెకున్నాడు. అంటే ఈ క్యూ నిలబడ్డ చోటికి ఆయన అద్దెగది నడిచిపోయేంత దూరమన్నమాట!

ఇంకో చిత్రం వినండి. బార్బికన్‌కి ఉత్తరాన, కూతవేటు దూరంలో, 1600లో ‘ఫార్చ్యూన్’ అని ఒక నాటకశాల కట్టారు. దాని స్టారు ఎడ్వర్డ్ ఆలెన్. 1597లో వేషాలు మానేసి యింట్లో కూర్చున్నవాడు కాస్తా ఈ హాలు లేవగానే మళ్ళీ రంగు పూసుకున్నాడు. తన పాత హిట్లనే మళ్ళీ ఆడి జనాన్ని రప్పించాడు. స్టారుని పెట్టి పాత నాటకాన్ని బతికించడం నిన్నమొన్నటి వ్యాపారమనే పెద్దలు ఒకసారి ఆ వీధి వెంట నడిచి రావాలి.

తెనాలి కుర్రాడు, ఓటూల్ అభిమాని

ముందే అమ్మేసినవి పోగా, యే రోజుకారోజు కొన్ని టిక్కెట్లు 10 పౌండ్లకు అట్టేపెట్టారు. అప్పటి లెక్కలో మనకు వెయ్యి రూపాయలు. దానికోసం రాత్రే వచ్చి పడుకుంటున్నారు జనం. నేనూ ఒక దుప్పటి, ఒక ఫ్లాస్కు పట్టుకుని చేరాను. జపాను నుంచి విమానమెక్కి వచ్చిన అమ్మాయిలిద్దరు నా ముందు. ఒకరి చోటు ఒకరు కాస్తూ, బిస్కెట్లు పంచుకుంటూ... తోపులాట లేదు, బ్లాకు లేదు. మన క్యూకీ వాళ్ళ క్యూకీ తేడా యేదైనా వుంటే అదే.

ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతుంటే వెనకనుంచి పలకరింపు. “మీరు తెలుగేనాండీ?”

తెనాలి కుర్రాడు. అక్కడ చదువుకుంటున్నాడు.

“హామ్లెట్ చదివావా బాబూ?” అన్నాను.

“లేదండీ. షెర్లాక్ మాత్రం మూడేసిసార్లు చూశాను.”

“మరి మూడు గంటలు ఆ పాత ఇంగ్లీషు వినగలవా?”

కుర్రాడు నవ్వేశాడు. “మా తాతయ్య ‘రాయబారం’ పద్యాలన్నీ అర్థమయ్యే విన్నాడంటారా అండీ? ఆ కృష్ణుడి గొంతు కోసం వెళ్ళేవాడు. ఒక్కో పద్యానికి నాలుగేసి వన్స్‌మోర్లు కొట్టేవాడట. వెళ్ళగా వెళ్ళగా ఆయనకే పద్యాలన్నీ నోటికొచ్చేశాయి. మా చిన్నప్పుడు మాకు అర్థం చెప్పింది ఆయనే!”

నాకు మాట రాలేదు. పెద్దల ప్రశ్నకి జవాబు అర్ధరాత్రి క్యూలో యింత తేలిగ్గా దొరుకుతుందనుకోలేదు.

పక్కనే మడతకుర్చీలో కూర్చున్న ఒక ఇంగ్లీషు ముసలావిడ మా నవ్వు చూసి సంగతేమిటని అడిగింది. చెప్పాను. “నేను మాత్రం?” అందావిడ. 1963లో లండన్‌లో నేషనల్ థియేటర్ ‘హామ్లెట్’తోనే మొదలయింది. వేషం పీటర్ ఓటూల్‌ది. అంతకు ముందు యేడాదే ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ వచ్చింది. ఆ నీలికళ్ళ కోసం ఈవిడ వెళ్ళింది, కాలేజీ పిల్లగా. అప్పట్నించి యెన్ని హామ్లెట్‌లు చూసిందో తనకే లెక్క లేదట!

1964లో న్యూయార్క్‌లో రిచర్డ్ బర్టన్ హామ్లెట్ వేసినప్పుడూ యింతే. అతన్నీ, అతని భార్య ఎలిజబెత్ టేలర్‌నీ చూడ్డానికి రోజూ రాత్రి వీధి నిండిపోయేది. పోలీసులు గుర్రాలమీద వచ్చి దారి చెయ్యాల్సి వచ్చేది.

తప్పు యెవరిది?

అసలు గొడవ యింకోటి జరిగింది. ఆటలు ఆగస్టు 5న మొదలయ్యాయి. మొదటి మూడు వారాలూ మెరుగులు దిద్దుకునే ఆటలు. విమర్శకులను పిలిచేది ఆగస్టు 25న. అందాకా సమీక్ష రాయకూడదన్నది అక్కడి మర్యాద. కానీ రెండు పత్రికలు తొలి ఆట చూసి మర్నాడే రాసిపారేశాయి! హామ్లెట్ చావుబతుకుల గురించి తనలో తాను మాట్లాడుకునే ప్రసిద్ధ స్వగతం ఒకటుంది. దాన్ని తెచ్చి నాటకం మొట్టమొదట పెట్టారు దర్శకురాలు లిండ్సే టర్నర్. దానిమీద రచ్చ. చివరికి దాన్ని మళ్ళీ లోపలికి జరిపారు.

అభిమానులూ తక్కువ తినలేదు. చీకట్లో సెల్‌ఫోన్లు పైకి లేచాయి. ఆగస్టు 8 రాత్రి ఆట అయ్యాక కంబర్‌బాచ్ స్టేజి తలుపు దగ్గరికొచ్చి, బయట నిలబడ్డ అభిమానులతో స్వయంగా మాట్లాడాడు. వేదిక మీదనుంచి ఎర్రలైట్లు కనబడుతున్నాయనీ, నటుడికి అంతకంటే ప్రాణం చచ్చిపోయే సంగతి లేదనీ, మీకు మనసులో దాచుకునే ఆట యివ్వాలని వుంది గానీ ఫోన్లో దాచుకునేది కాదనీ చెప్పుకున్నాడు. తను సోషల్ మీడియాలో లేడు కాబట్టి ఈ మాట మీరే అందరికీ చేరవెయ్యండని బతిమాలాడు. కోప్పడలేదు. పని అప్పజెప్పాడు, అంతే.

పెద్దలూ మర్యాద తప్పారు, పిల్లలూ తప్పారు. దిద్దుకున్నదెవరో చూద్దామని నేను లోపలికి వెళ్ళాను.

తలుపులు మూసుకున్నాక

ఈ హాల్లో ఓ వింత వుంది. నడవాలు లేవు. ప్రతి వరుసకీ చివర విడిగా ఓ తలుపు. ఆట మొదలయ్యే ముందు ఆ తలుపులన్నీ ఒక్కసారిగా వాటంతటవే మూసుకుంటాయి. గుండె ఝల్లుమంటుంది.

మన సినిమాల్లో హీరో ఎంట్రీకి ముందు ఎంత హడావుడి! కాళ్ళు చూపించి, చెయ్యి చూపించి, అప్పుడు మొహం. ఇక్కడ తెర లేవగానే నేలమీద ఒక్కడే కూర్చుని వున్నాడు. పక్కన గ్రామఫోను, పాత ఫొటోలు. చచ్చిపోయిన తండ్రి జ్ఞాపకాలు. చప్పట్లు పడతాయని చెవులు రిక్కించాను. పడలేదు. ఒక్క ఫోన్ వెలగలేదు. వెయ్యిమందికి పైగా జనం, ఎవరో గొంతు సవరించుకుంటే అందరికీ వినిపించేంత నిశ్శబ్దం! ఆ వెనక గోడ లేచి, పెద్ద రాజభవనం, పూలు పరిచిన విందు బల్ల కనిపించినప్పుడు మాత్రం ‘హా’ అని ఒకే ఊపిరి.

పిచ్చి నటిస్తూ హామ్లెట్ బొమ్మ సిపాయి వేషంలో డప్పు కొట్టుకుంటూ వస్తే పిల్లలు విరగబడి నవ్వారు. సగం ఆట ముగిసేసరికి తలుపుల్లోంచి సుడిగాలిలా దుమ్మూ చెత్తా విసిరికొట్టింది. తర్వాత సగం ఆట ఆ మట్టిదిబ్బల మీదే. పిచ్చిదైన ఒఫీలియా ఆ దిబ్బ ఎక్కి నెమ్మదిగా వెళ్ళిపోతుంటే నా వరుసలో ముక్కులు చీదిన శబ్దం. ఆ సీన్లో హీరో లేడు సుమండీ! ఒఫీలియా వేసిన షాన్ బ్రూక్ పేరు విని యెవరూ టిక్కెట్టు కొనివుండరు. మొహం కోసం వచ్చినవాళ్ళు ఆ మొహం కనబడని చోట యేడ్చారు. నేను చూడవచ్చింది ఇదే.

విమర్శకుల్లో చాలామంది నటుణ్ణి మెచ్చుకున్నారు గానీ ప్రయోగాన్ని అంతగా మెచ్చలేదు. నాకూ ఆ భవనం ఎక్కువై మనుషులు చిన్నవాళ్ళయినట్టు అనిపించింది. ఇంటర్వెల్‌లో ముసలావిడ కూడా ఓటూలే మేలంది. కుర్రాడు మాత్రం “సగం అర్థం కాలేదండీ, కానీ వాడి బాధ అర్థమయింది” అన్నాడు. వాడిదే మంచి సమీక్ష.

ఆట అయిపోగానే హాలంతా లేచి నిలబడింది. అప్పుడు పడ్డాయి ఈలలు! కంబర్‌బాచ్ చెయ్యెత్తి ఆపాడు. సిరియా నుంచి ప్రాణాలరచేత పెట్టుకుని వస్తున్న శరణార్థుల గురించి మాట్లాడాడు. పిల్లల సాయనిధికి బయట బకెట్లు పట్టుకుని నిలబడ్డారు, వెళ్తూ వెయ్యండన్నాడు. ఇలా ఆ ఆటలన్నిటి మీదా వసూలైంది లక్ష పౌండ్లు దాటింది. పది పౌండ్ల టిక్కెట్టుకి రాత్రంతా నేలమీద పడుకున్న పిల్లలు పర్సులు తీసి నోట్లు వెయ్యడం నా కళ్ళతో చూశాను.

ఏటి అవతల నేల క్లాసు

మర్నాడు సెంట్ పాల్స్ గుడి పక్కనుంచి నడిచి, థేమ్స్ మీద కాలినడక వంతెన దాటి గ్లోబ్ థియేటర్‌కి వెళ్ళాను. షేక్స్పియర్ కాలపు హాలుని అచ్చంగా అలాగే మళ్ళీ కట్టి 1997లో తెరిచారు. మధ్యలో పైకప్పు లేదు. అక్కడ నిలబడి చూడ్డానికి అప్పట్లో ఒక పెన్నీ. నేను వెళ్ళినప్పుడు 5 పౌండ్లు. కూర్చోవడానికి వీల్లేదు. అచ్చం మన నేల క్లాసే! నటులు జనం మధ్యకొచ్చి మాట్లాడతారు, జనం తిరిగి జవాబిస్తారు. వాన వస్తే తడుస్తారు. హామ్లెట్ మొదట పుట్టింది ఇలాంటి జనం మధ్యే. మన వన్స్‌మోర్‌లకి సిగ్గుపడాల్సిన పనేమీ లేదని అక్కడ నిలబడి నవ్వుకున్నాను. బార్బికన్‌లో మౌనం, గ్లోబ్‌లో గోల. రెండూ వినడమే.

ఆ ‘హామ్లెట్’ని 2015 అక్టోబరు 15న సినిమా హాళ్ళకి ప్రసారం చేస్తే ఆ ఒక్క రాత్రే లోకం మొత్తం మీద రెండు లక్షలమందికి పైగా చూశారు. అందులో షేక్స్పియర్ కోసం వెళ్ళినవాళ్ళెందరు, షెర్లాక్ కోసం వెళ్ళినవాళ్ళెందరు అని నన్నడక్కండి. తెనాలి కుర్రాడు ఆ రాత్రే బార్బికన్ పుస్తకాల షాపులో ‘హామ్లెట్’ కొన్నాడు. ఈసారి మీ వూళ్ళో పద్యనాటకం ఆడితే, మీకు తెలిసిన ఒక్క మొహం కోసమైనా సరే, వెళ్ళి ముందు వరుసలో కూర్చోండి. ఫోన్ మాత్రం జేబులో పెట్టుకోండి!