కల్లు బందైన సెప్టెంబర్, ఫ్యాక్టరీ బందైన డిసెంబర్

నర్సమ్మకు రాజకీయాలెందుకని నన్ను చాలామంది అడిగారు. సర్వీసులో ఉన్నప్పుడు పై ఆఫీసర్లు అడిగారు, రిటైరయ్యాక చుట్టాలు అడుగుతున్నారు. నాకు తెలిసిన రాజకీయమంతా వార్డులో నేర్చుకున్నదే. హైదరాబాద్‌లో సంతకమైన కాగితం ఏదైనా సరే, కొన్నాళ్లకు మనిషి రూపంలో మా దగ్గరికి వచ్చేది. జ్వరంతోనో, ఫిట్స్‌తోనో, పురుగుల మందు వాసనతోనో వచ్చేది. 2015లో మూడు నెలల తేడాతో అలాంటివి రెండు వచ్చాయి. వాటి గురించి రాయాలనే కూర్చున్నాను గానీ, ముందు బోధన్ గురించి కొంత చెప్పకపోతే అవి అర్థం కావు.

1980ల మొదట్లో నాకు బోధన్ వైపు పోస్టింగ్ వచ్చింది. అప్పుడు నిజాం షుగర్ ఫ్యాక్టరీ మంచి ఊపు మీద ఉంది. 1937లో పుట్టిన కంపెనీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. నిజాంసాగర్ కాలువ కింద ఎటు చూసినా చెరుకే. శక్కర్‌నగర్‌లో కార్మికులకు క్వార్టర్లు, బడి, దవాఖాన అన్నీ ఫ్యాక్టరీవే. సీజన్ మొదలైతే రాత్రంతా బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరేవి, మొలాసిస్ వాసన ఊరంతా కమ్ముకునేది. ఫ్యాక్టరీలో పర్మినెంటు నౌకరీ ఉన్న ఇంటికి పిల్లనివ్వడానికి ఎగబడేవాళ్లు.

ఆ రోజుల్లో మా పనిముట్లు చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. గాజు సిరంజీలు, ఉడకబెట్టిన సూదులు. ఒకే సూది ఎన్నిసార్లు వాడేవాళ్లమో లెక్కలేదు. వాడేముందు సూది మొనను దూది మీద మెల్లగా లాగి చూసేవాళ్లం. దూది పోగు తట్టుకుంటే మొన వంగినట్టు లెక్క, రాయి మీద నూరి మళ్లీ ఉడకబెట్టాలి. చేతి తొడుగులు కడిగి, ఆరేసి, పౌడర్ చల్లి, చిల్లులున్నాయేమో ఊది చూసి మళ్లీ వాడేవాళ్లం. హెచ్ఐవీ భయం వచ్చాకే డిస్పోజబుల్ సిరంజీలు అంతటా వచ్చాయి. ఆ ఒక్క విషయంలో ఇప్పటి దవాఖాన అప్పటిదానికంటే వంద రెట్లు మేలు. పాతరోజులే బాగుండేవి అనేవాళ్లతో నేను ఏకీభవించను.

చెరుకు సీజనంటే మాకు యాక్సిడెంట్ల సీజను. వెనక ఎర్ర లైటు లేని ట్రాలీలు, నిద్రమత్తులో డ్రైవర్లు, చీకట్లో ఎదురుగా సైకిళ్లు. ఒకరాత్రి ఇరవై ఏళ్ల పిల్లవాణ్ని ఎడ్లబండి మీద తెచ్చారు. తొడ ఎముక బయటికొచ్చింది. దారిలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళితే ‘ఇది పోలీసు కేసు, మాకొద్దు’ అన్నారట. అక్కణ్నుంచి పోలీసుల కోసం పోయారు, పోలీసులు దొరక్క మా దగ్గరికొచ్చారు. మేం సెలైన్ ఎక్కించేసరికే నాడి అందడం లేదు. వాళ్ల నాన్న నా చెయ్యి పట్టుకుని, ‘కాయితం ఉంటె నా కొడుకు బతుకుతుండెనా సిస్టరమ్మా?’ అని అడిగాడు. ముందే కట్టుకట్టి రక్తం ఆపితే బతికేవాడు. ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

1989 ఆగస్టులో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. స్కూటర్ మీద పోతూ కారు గుద్దిన మనిషిని దగ్గరి ఆసుపత్రి చేర్చుకోకుండా, పోలీసు కేసులు చూసే వేరే ఆసుపత్రికి పొమ్మంది. ఇరవై కిలోమీటర్ల దూరం, దారిలోనే ప్రాణం పోయింది. ముందు వైద్యం, తర్వాతే పోలీసు పని, సర్కారుదైనా ప్రైవేటుదైనా ఏ డాక్టరూ తప్పించుకోవడానికి వీల్లేదని కోర్టు తేల్చింది. తీర్పు గొప్పది. కానీ మా పక్క ఊళ్లలో ‘పోలీసోళ్లు రానియ్యిండ్రి’ అన్న మాట ఆ తర్వాత కూడా చాన్నాళ్లు విన్నాను. తెచ్చి చేర్చినవాణ్ని సాక్షిగా తిప్పకుండా కాపాడే మార్గదర్శకాలను సుప్రీంకోర్టు ఖాయం చేసేసరికి 2016 వచ్చింది. న్యాయం ఢిల్లీలో పుడుతుంది, బోధన్ రోడ్డు మీదికి రావడానికి దానికి ఇన్నేళ్లు పట్టింది. ఈ మధ్యలో పోయిన ప్రాణాలకు ఎవరూ జవాబుదారీ కాలేదు.

కాన్పుల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. నేను చేరినప్పుడు ఇంట్లో మంత్రసాని చేతుల మీద కాన్పులు, మూడు రోజులు నొప్పులు పడి చివరి నిమిషంలో మా దగ్గరికొచ్చిన తల్లులు. ఇప్పుడు దాదాపు అందరూ దవాఖానలోనే కంటున్నారు, అది పెద్ద విజయమే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు కోతతోనే. ప్రైవేటులోనైతే ఎనభై దాటాయి. నొప్పులు రాకముందే పంతులు రాసిచ్చిన ముహూర్తం చీటీ పట్టుకొచ్చి, ‘పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు తియ్యిండ్రి’ అని అడిగిన కుటుంబాలను నేనే చూశాను. తల్లి కడుపు మీద పెట్టే కత్తికి కారణం తల్లి ఒంట్లో ఉండాలి, పంచాంగంలో కాదు. ఈ మాట అన్నందుకు ఒకరి దగ్గర చీవాట్లు కూడా తిన్నాను, ఇప్పటికీ అదే అంటాను.

ఇక 2015 సెప్టెంబర్.

మా నిజామాబాద్ జిల్లాలో కల్లు అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. పొద్దంతా బీడీలు చుట్టిన ఆడవాళ్లు, హమాలీలు, కూలీలు సాయంత్రం సీసా తాగితేనే ఒళ్లు నొప్పులు తగ్గి కన్నంటుకునేది. ఉన్న తాళ్లు, ఈదులు అంతమందికి సరిపోయే కల్లు ఎక్కణ్నుంచి ఇస్తాయి? నీళ్లలో శాక్రిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం వేసి అమ్మేవాళ్లు. ఏళ్ల తరబడి ఊళ్లకు ఊళ్లు అదే తాగాయి. జనానికి అలవాటైంది కల్లు కాదు, పౌడరు. తాగినవాళ్లకు ఆ సంగతి తెలియదు.

ఆ నెల ఎక్సైజ్ వాళ్లు గట్టిగా బిగించారు, పౌడర్ ఆగింది. ఆగాల్సిందే, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. కానీ ఆగిన రెండు మూడు రోజులకు దవాఖానలు నిండిపోయాయి. చేతులు వణుకుతూ, నిద్రలేక, చెమటలు కారుతూ, ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోతూ ఊళ్లనుంచి ఆటోల్లో వచ్చారు. మా దగ్గరే కాదు, మహబూబ్‌నగర్, మెదక్ వైపు, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక దవాఖానలోనూ అదే పరిస్థితి. చావులూ, ఆత్మహత్యలూ అని రోజూ పేపర్లో వచ్చేది.

మంచాలు చాలక కింద పరుపులేశాం. ఒకాయన గోడ మీద లేని పురుగులను ఏరుతున్నాడు. ఇంకొకాయన కిటికీలోంచి దూకబోతే నలుగురం పట్టుకుని చున్నీలతో మంచానికి కట్టాల్సి వచ్చింది. నాకు మరుపురానిది ఒక నడివయసు ఆడమనిషి. కళ్లు తెరిచే ఉంది, పిలిస్తే పలకదు. ఒళ్లో చాట ఉన్నట్టు కూర్చుని గాల్లోనే ఆకు తీసుకుని, తంబాకు పోసి, రెండు చేతుల వేళ్లతో చుట్టి, కొన మడిచి, దారం చుట్టి పక్కన పెడుతోంది. మళ్లీ ఇంకొకటి. రాత్రంతా అదే పని. మతి లేని ఆ స్థితిలో కూడా ఆమె వేళ్లు ఒక్క మడత తప్పలేదు. పక్కనే ఆమె కొడుకు నా కాళ్లు పట్టుకోబోయాడు. ‘ఒక్క సీస పోయనియ్యి సిస్టరమ్మా, మా అమ్మ మంచిగైతది.’

‘బిడ్డా, మీ అమ్మను గిట్ల జేసిందే ఆ సీస. మేం గోలీ రూపంల అదే మందు ఇచ్చి, రోజు రోజుకు కొద్దికొద్దిగ తక్కువ జేస్తం. ఓపిక పట్టు’ అన్నాను. వైద్యం నిజానికి అంతే. డైజీపామ్ వంటి మందులే తగ్గించుకుంటూ వారాలపాటు ఇవ్వాలి, నీళ్లు, విటమిన్లు ఎక్కించాలి, మనిషి దెబ్బలు తగిలించుకోకుండా కాపలా ఉండాలి. కానీ దానికి మందు స్టాకు కావాలి, మంచాలు కావాలి, మనుషులు కావాలి. నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో మామూలు వార్డుకైనా ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలి. ఆ రాత్రుల్లో నా చుట్టూ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టే తీరిక కూడా లేదు. ‘రోజుకు ఎన్ని సీసలు, ఆఖరి సీస ఎప్పుడు’ అని కేస్ షీట్ మీద రాయడం మాకు ఎవరూ నేర్పలేదు, ఆ వారంలో మేమే నేర్చుకున్నాం.

దాడులు చేసే తేదీ ఎవరికో ముందే తెలుసు కదా. అదే వ్యక్తి ఒక పది రోజుల ముందు వైద్యశాఖకు ఒక ఫోన్ చేసి ఉంటే? పీహెచ్‌సీల్లో గోలీలు పెట్టించి, ఏఎన్ఎంలతో ఇంటింటికీ చెప్పించి ఉంటే? చెడును ఆపినవాళ్లను నేను తప్పు పట్టను. ఆపితే ఎవరి ఒంటి మీద పడుతుందో ఆలోచించకపోవడాన్ని తప్పు పడతాను. పౌడర్ కలిపి సొమ్ము చేసుకున్నవాడు ఒక్కడూ మా వార్డుకు రాలేదు. నా కళ్లతో చూసిన శిక్ష మంచానికి కట్టేసినవాళ్లదే.

అదే ఏడు డిసెంబర్ ఆఖరున బోధన్ ఫ్యాక్టరీలో లేఆఫ్ పెట్టారు. 2002లోనే 51 శాతం వాటా ప్రైవేటు కంపెనీ చేతికి పోయింది. రాష్ట్రం వస్తే సర్కారే మళ్లీ నడుపుతుందన్న మాట ఉద్యమంలో ఊరూరా విన్నాం. 2011 సకల జనుల సమ్మె నలభై రెండు రోజులూ మేమూ ధర్నాల్లో కూర్చున్నాం, ఎమర్జెన్సీ, కాన్పుల వార్డులు మాత్రం వదల్లేదు. అందుకే ఆ వార్త నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. రాష్ట్రం వచ్చిన ఏడాదిన్నరకే చిమ్నీ పొగ ఆగింది. ఆ ఏడు నిజాంసాగర్ కూడా అడుగంటింది, చెరుకు లేదన్నది నిజమే. కానీ చెరుకు మళ్లీ వేసుకోవచ్చు, వానలు మళ్లీ పడతాయి. ఫ్యాక్టరీ మాత్రం తెరుచుకోలేదు. 2019లో ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే దారి పట్టింది. ఆ తర్వాత కమిటీలు వేశారు, ఎన్నికలప్పుడల్లా మాటిచ్చారు.

కల్లు బందైనప్పుడు జనం అరుచుకుంటూ వచ్చారు. ఫ్యాక్టరీ బందైనప్పుడు మెల్లగా వచ్చారు. జీతం ఆగిన ఇంట్లో ముందు ఆగేది పాలప్యాకెట్టు కాదు, పెద్దమనిషి బీపీ గోలీ. ‘మంచిగనే ఉన్న కదా, ఎందుకు దండుగ’ అని ఆయనే మానేస్తాడు. నేను రిటైరయ్యేలోపే అలా మూతి వంకర పోయి, కుడిచెయ్యి పడిపోయి వచ్చిన ఫ్యాక్టరీ మనుషులను చూశాను. ఒకాయన బాయిలర్ సెక్షన్‌లో పనిచేసినవాడు, నేను బోధన్‌లో ఉన్నప్పుడు ఆయన భార్యకు కాన్పు చేశాను. నన్ను గుర్తుపట్టాడు గానీ మాట రాలేదు. ఆయన భార్య చెప్పింది, ‘గోలీలు ఆర్నెల్ల సంది ఏస్కుంటలేడక్కా, ఫీజులు కట్టాలె గదా’ అని.

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అనుకునే కుటుంబాలు నిలబడ్డాయి. 2023 డిసెంబర్‌లో ఆ పరిమితిని 10 లక్షలు చేశారు, మంచిదే. కానీ పక్షవాతం వచ్చాక లక్షలు ఇచ్చే ప్రభుత్వం, అది రాకుండా ఆపే గోలీ నెలనెలా ఆ ఇంటికి చేరుతోందా లేదా అని కూడా చూడాలి. పని పోయిన ఊరికి ముందుగా వెళ్లాల్సింది బీపీ మిషను పట్టుకున్న నర్సు. శక్కర్‌నగర్ గల్లీల్లో ఆ పని చెయ్యమని ఎవరైనా పంపి ఉంటే నేను సెలవు పెట్టుకునైనా పోయేదాన్ని.

2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారని చదివినప్పుడు నాకు కోపమొచ్చింది. పదేళ్లలో మనం నేర్చుకున్నది ఎక్కడ రాసిపెట్టాం? ఆ వారం వార్డుల్లో పనిచేసిన నర్సులను పిలిచి ఎవరైనా అడిగారా?

ఇప్పుడు మా ఇంటికి ఓటు అడగడానికి ఏ పార్టీవాళ్లు వచ్చినా కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాను, ఒకటే అడుగుతాను. రాత్రి పది దాటాక మన దవాఖాన వార్డుల్లో ఎంతమంది రోగులుంటారు, ఎంతమంది నర్సులుంటారు? తెలుసుకుని రండి, అప్పుడు మాట్లాడదాం అంటాను. చాలామంది నవ్వి కండువా సర్దుకుని పోతారు. మొన్న ఒక చిన్నపిల్ల, డిగ్రీ చదివి బీడీ కార్మికుల సంఘంలో తిరుగుతున్న అమ్మాయి, మూడో రోజు నోట్‌బుక్ పట్టుకుని తిరిగొచ్చింది. రెండు రాత్రులు స్వయంగా పోయి వార్డువార్డుకీ లెక్క రాసుకొచ్చింది. ‘గిట్ల రాస్తే సరిపోతదా అమ్మా?’ అని అడిగింది. ఆ పక్కనే ఇంకో గీత గీసి, సెలైన్ మార్చాల్సినవాళ్లు ఎందరు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు ఎందరు, పిల్లలెందరు అన్నవి కూడా రాయించాను. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఇద్దరం కలిసి పోతున్నాం. దరఖాస్తు నేనే రాశాను. రాత్రి డ్యూటీకి నర్సులు, కల్లు మాన్పించే మందుల స్టాకు ప్రతి పీహెచ్‌సీలో, శక్కర్‌నగర్‌లో నెలకోసారి బీపీ పరీక్ష. మూడే అడిగాం, కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.