టిక్కుమంటది, బండి లేవదు

చాన రోజులకు రాస్తున్నం. కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతోని చదవండి. ఇది చదువు గురించో ఉద్యోగాల నోటిఫికేషన్ గురించో కాదు, ఒక పాత కారు గురించి. కానీ చివరికి అది చెల్లె ఫీజు దగ్గరికే వచ్చింది, అందుకే ఇక్కడ రాస్తున్నం.

మేము నలుగురం, అందరం నారాయణఖేడ్ దిక్కు తండాల నుంచి వచ్చినోళ్లమే. ఇస్నాపూర్‌ల ఒక్క రూములో ఉంటం. ఇద్దరం పాశమైలారంల కంపెనీలల్ల షిఫ్టు చేస్తం, ఇద్దరం చదువుకుంటున్నం. నలుగురం తలా కొంత వేసుకొని, ఊర్ల కొంత అప్పు తెచ్చి, పసుపు ప్లేటున్న పాత కారు ఒకటి కొన్నం. పొద్దుగాల సంగారెడ్డిల స్టాఫును ఎక్కించుకొని ఆరు గంటల షిఫ్టుకు పాశమైలారంల దింపాలె. ఆ కిరాయి మీదనే రూము, ఫీజులు, కిస్తీ అన్నీ నడుస్తయ్.

ఒకరోజు పొద్దుగాల నాలుగున్నరకు తాళం తిప్పితే టిక్, టిక్, టిక్. అంతే. ఇంజిన్ తిరగలే. పక్క రూము అన్న తన కారు తెచ్చి జంపర్ కేబుల్ పెట్టిండు. ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్‌కు, నల్ల వైరు మా ఇంజిన్ ఇనుముకు పట్టిచ్చిండు. నల్లది బ్యాటరీ మీద పెట్టొద్దు, బ్యాటరీకాడ హైడ్రోజన్ గ్యాస్ ఉండొచ్చు, నిప్పురవ్వ లేస్తే పేలుతది అని కూడ చెప్పిండు. ఒక్క దెబ్బకు బండి లేచింది. మేము చెంగున ఎగిరినం. అయితే బ్యాటరీనే పోయిందనుకున్నం. ఆ రోజు ఇంజిన్ ఆపకుండ నడిపినం. సాయంత్రం ఆపితే మళ్లీ టిక్ టిక్.

తెల్లారి దుకాణానికి పోయి కొత్త బ్యాటరీ వేయించినం. పాతది తీసుకొని ఎనిమిది వందలు తగ్గించిండు, మిగిలింది నాలుగు వేల రెండు వందలు. ఆ పైసలు ఏంటియో చెప్తే సిగ్గైతది. సంగారెడ్డిల చదివే మా తండా చెల్లె పరీక్ష ఫీజు కోసం వాళ్ల అవ్వ మా చేతుల పెట్టిన పైసలు. చెల్లెకు ఒక మాట కూడ చెప్పకుండ వాడేసినం. రెండు రోజుల కిరాయి వస్తే సర్దుదాం అనుకున్నం. కొత్త బ్యాటరీతోని తాళం తిప్పితే మళ్లీ అదే టిక్ టిక్.

అప్పుడు రోడ్డు మీద ఒకాయన స్టార్టర్ మోటరే పోయింది, ఆరు వేలైతది అన్నడు. మాదాంట్ల ఆరు వందలు కూడ లేవు. పైసలు లేకపోవుడే మంచిగైంది అని ఇప్పుడు అనిపిస్తది. ఉంటే అదీ పెడుతుంటిమి.

ముత్తంగి కాడ లారీల కరెంటు పని చేసే ఒక పెద్దమనిషికి ఫోన్ చేయించినం. బండి చూడకముందే ఒకటే అడిగిండు: "హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పిన్రా బిడ్డా?" తిప్పలే. తిప్పి చూసినం. లైట్లు తగ్గలే, టిక్‌మని ఊకున్నది. "బ్యాటరీ బలహీనంగుంటే తాళం తిప్పంగనే లైట్లు మొత్తం మసకబారతయ్. మీది తగ్గలేదంటే కరెంటు ఉన్నది, ఇంజిన్ దాకా పోతలేదు" అన్నడు.

ఆయన వచ్చి జంపర్ కేబుల్ ఒక్కటే తీసుకొని, ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ఇంజిన్ ఇనుముకు పట్టిచ్చిండు. తాళం తిప్పితే బండి లేచింది. మా బండిల ఇంజిన్ నుంచి బాడీకి పోయే ఎర్తు పట్టీ కొసన తుప్పు తిన్నది, రెండు మూడు పోగులే మిగిలినయ్.

మేము తండాల బోరు లెక్క అర్థం చేసుకున్నం. మోటరు బాగున్నా పైపుల చెత్త అడ్డం పడితే లోటాకు నీళ్లొస్తయ్, పొలానికి రావు. రెండు హెడ్‌లైట్లకు పది ఆంపియర్లు చాలు, ఆ పోగులల్లకెళ్లి పోయే కరెంటే అవసరం లేదు. స్టార్టర్‌కు వందకు పైగ కావాలె. మొదటి రోజు పక్క రూము అన్న నల్ల వైరు ఇంజిన్‌కు పట్టిచ్చిండు కదా, తెల్వకుండనే ఆ తెగిన పట్టీకి బదులు దారి ఏసిండు. అందుకే బండి లేచింది, అందుకే మేము బ్యాటరీ అనుకొని మోసపోయినం. మేము అమ్మిన పాత బ్యాటరీ మంచిదే.

కొత్త పట్టీ, బోల్టులు కలిపి నూట ఎనభై. పెద్దమనిషి చేతికూలి తీసుకోలే, చాయ్ తాగి పోయిండు.

మీ బండి టిక్‌మంటే ఇట్ల చూడండి. టిక్ టిక్‌మని గబగబ కొడితే బ్యాటరీ వీకైనా కావొచ్చు, వైర్లు వదులైనా కావొచ్చు. ముందుగల టెర్మినళ్ల మీద తెల్లగ, పచ్చగ పొడి ఉన్నదా చూడండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. వేడినీళ్లు, వంటసోడాతోని కడిగి, తుడిచి, గట్టిగ బిగించండి. మల్టీమీటర్ ఉంటే, రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగున్నట్టు, 12 కంటె తక్కువుంటే ఖాళీ అయినట్టు. ఇంజిన్ నడిచేటప్పుడు 14 దగ్గర చూపియ్యాలె, లేకుంటే ఆల్టర్నేటర్ చార్జి చేస్తలేదు. ఒక్కసారే టక్కుమని ఆగి, లైట్లు మంచిగుంటే ముందు ఎర్తు పట్టీ, తర్వాతనే స్టార్టర్.

చెల్లె ఫీజు గడువు దాటింది. ఫైన్‌తోని కట్టినం, పరీక్ష రాసింది. జరిగింది మొత్తం ఆమెకు చెప్పినం. ఆమె బండి గురించి ఏమనలే. "నాది అని తెలిసినంక నన్ను అడగాలె కదా అన్నా" అన్నది. దానికి మాకాడ జవాబు లేదు.

ఇప్పుడు డిక్కీల పది నంబరు పానా, గరుకు కాగితం, జంపర్ కేబుల్, మల్టీమీటర్ పెట్టుకున్నం. చెల్లె పైసలు మాత్రం ఇప్పుడు ఆమె ఖాతాలనే ఉంటయ్, మా చేతుల కాదు. పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం దిక్కు మనోళ్ల బండి ఎవరిదైనా పొద్దుగాల లేవకుంటే, పైసలు పెట్టకముందు మాకు ఫోన్ చేయండి. కేబుల్ తీసుకొని వస్తం.