దప్పిక కాదు

శాక్రమెంటోలో ఇల్లు కొన్న ఏడాదే పెరటి గోడవార ఒక రోజ్‌మేరీ మొక్క నాటాము. ఎండకు ఓర్చుతుంది, నీళ్లు పెద్దగా అడగదు అన్నారు. ఇద్దరమూ ఆసుపత్రి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లం. ఏమీ అడగని మొక్క మాకు నచ్చడంలో వింత లేదు.

2022 వేసవిలో అనంతపురం నుంచి అమ్మ వచ్చింది. ఆకు నలిపి వాసన చూసి, "మరువానికి చుట్టమా ఇది?" అన్నది. నిజమే, మరువం, తులసి, రోజ్‌మేరీ మూడూ ఒకే కుటుంబానివి. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే దానికొక చెంబు నీళ్లు పోసేది. మేము బయలుదేరింది మొదలు తిరిగివచ్చేదాకా ఆమెకు వేరే పనీ లేదు, పలకరించే మనిషీ లేదు.

జూలై చివరికి కొమ్మలు వాలిపోయి ఆకులు గోధుమరంగుకు తిరిగాయి. "నీళ్లు పోసి పోసి చంపేశావమ్మా" అన్నాము. అమ్మ మారు మాట్లాడలేదు. నాలుగు రోజులు పెరట్లోకే వెళ్లలేదు.

అయిదోనాడు కాఫీ తాగుతూ తనే అన్నది: "ఎండకు వాడిన చెట్టయితే పొద్దుగూకినాక తేరుకుంటాది నాయనా. ఇది తెల్లారినా తలెత్తలేదు. దీనికి దప్పిక కాదు. మీ గొట్టాలు తెల్లవారుజామున ఎన్ని నీళ్లు చిమ్ముతాయో ఎప్పుడన్నా చూసినారా?"

చూడలేదు. పక్కనున్న గడ్డి కోసం మేమే పెట్టించిన గొట్టాలవి. అవి తిరిగే వేళకు మేము నిద్రలో ఉంటాము. మొక్కను తవ్వి చూస్తే నేల బంకమన్ను, వేళ్లు నల్లబడి మెత్తగా కుళ్లిపోయి ఉన్నాయి. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు గనుక, తడిలో ఉండి కూడా ఆకు ఎండిపోతుంది. ఆ గొట్టాల ముందు అమ్మ చెంబెంత! పగలంతా రోగి పక్కనున్న మనిషిని ఒక్క మాట అడగకుండా రోగమేదో తేల్చేశాము. మా దగ్గర శిక్షణలో ఉన్న కుర్ర డాక్టరు ఆ పని చేస్తే ఊరుకుంటామా? క్షమించమన్నాము. "సర్లే, ఇంకోటి తెండి" అన్నది.

శాక్రమెంటోలో సాలుకు సుమారు 18 అంగుళాల వాన పడుతుంది. అనంతపురంలో అంతకన్నా కాస్త ఎక్కువ, అంతే. కాని అక్కడి వాన చాలావరకు జూన్, అక్టోబరు మధ్య పడుతుంది. ఇక్కడ చలికాలంలో కురిసి, వేసవి నాలుగు నెలలూ దాదాపు చుక్క రాలదు. రోజ్‌మేరీ పుట్టిన మధ్యధరా తీరంలోనూ ఇదే వరస. నీరు చలిలో రావాలి, ఎండాకాలం పొడిగా ఉండాలి. వెచ్చని తడినేలలో వేరుకుళ్లు త్వరగా పట్టుకుంటుంది.

రెండో మొక్కకు చోటు అమ్మే చూపించింది. దక్షిణపు ఎండ తగిలే గోడ దగ్గర అడుగెత్తు దిబ్బ చేసి, కంకర కలిపి నాటాము. అటువైపు గొట్టం మూసేశాము. మొదటి వేసవిలో, వేలు దించి చూసి లోపల ఆరిపోతేనే నిండుగా నీళ్లు పోశాము. ఆ తరువాత ఎప్పుడో ఒకసారి. ఎరువు వేయలేదు. పూలయ్యాక పచ్చకొమ్మలే కత్తిరిస్తాము. ఆకులేని ముదురు కొమ్మ దాకా కోస్తే మళ్లీ చిగురు రావడం కష్టం. ఇప్పుడది నడుమెత్తు ఉంది. నీలిపూల మీద తేనెటీగలు వాలుతున్నాయి. (కరివేపాకు దొరకని రోజున పప్పు తాలింపులో వేశాము. ఆ సంగతి రాయదగింది కాదు.)

అమ్మ ఊరికి వెళ్లిపోయింది. ఆదివారం ఫోనులో మా క్షేమం కన్నా ముందు, "గొట్టం మూసే ఉందా?" అని అడుగుతుంది.

ఉగాది సభకు నాలుగైదు కొమ్మలు వేళ్లు పట్టించి తెస్తాము. కావలసినవారు ముందుగా చెప్పండి. మీ ఇంట్లో గడ్డికి నీళ్లు చిమ్మే గొట్టం ఎక్కడుందో కూడా చెప్పాలి.